క్లీనరు వైపు సీటు

కూర్చోమన్నారు కాబట్టి కూర్చున్నాను. వెళ్ళిపొమ్మని ఉంటే మాత్రం వెళ్ళేదాన్ని కాను. గోడవారగా ఉన్న కుర్చీల్లో మంచివి వదిలేసి రెక్సిన్ చినిగి స్పంజి బయటికొచ్చినదాంట్లోనే కూర్చున్నాను, ఎందుకంటే ఇక్కడినుంచయితే కౌంటరూ కనిపిస్తుంది, కౌంటరు వెనక గోడమీద మేకులకు వేలాడే తాళాలూ కనిపిస్తాయి, ఆ తాళాల్లో నీలం బిళ్ళ ఉన్నది నాది. ఇంకా చేతికి రాలేదు, అయినా నాదే. మా కంపెనీ ముందుగానే నా పేరున మాట్లాడిపెట్టిన అద్దె కారు అది, బయట ఎండలో నిలబడి ఉంది, కడిగినట్టున్నారు, టైర్ల కింద ఇంకా తడి ఆరలేదు. దానికీ నాకూ మధ్య ఉన్నదల్లా కౌంటరు మీద పడున్న ఆ పలక, నా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. పలకే మరి, పుస్తకమని ఎలా అనను. బూడిదరంగు అట్ట, పైన ముద్ర, లోపల బోలెడు భాషల్లో అచ్చేసిన కాగితాలు, నా ఫోటో, నేను ఏ బండి నడపొచ్చో తేల్చే గడులు, అన్నీ ఉన్నాయి, ఉండీ ఏం లాభం, మూసిన పుస్తకాన్ని మూసినట్టే ఉంచి మా అమ్మ నాలుగువైపులా లామినేషన్ చేయించింది.

ఇది నాకు తెలిసి ఇంకా పావుగంట కూడా కాలేదు. "నీ కాగితాలన్నీ భద్రంగా సంచి లోపలి అరలో పెట్టాను, దారిలో తియ్యకు, పారేసుకుంటావు" అని బయల్దేరేటప్పుడు అంటే అలాగే అన్నాను, దారిలో తియ్యలేదు, అమ్మ చెప్పినమాట విన్నాను. పాత చీరముక్కలో చుట్టి ఉంది. విప్పి కౌంటరు మీద పెట్టాక చూశాను, కౌంటరు వెనక అమ్మాయి కూడా నాతోపాటే చూసింది, కళ్ళజోడమ్మాయి, ఆ పిల్ల దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, గోరుతో అంచు గీరింది, డబ్బా మూత ఎటు తిప్పితే వస్తుందా అన్నట్టు చూసి చూసి నవ్వేసింది. "ఎవరు చేశారిలా?" అంది. మా అమ్మ అన్నాను. "ఎందుకు?" తడవకుండా. వాళ్ళ భాష నాకు వచ్చీరానిది, అయినా ఆ మూడు ముక్కలూ తడుముకోకుండా వచ్చాయి. ఆ పిల్ల మళ్ళీ నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వితే నేనూ ఆ పిల్ల పక్షానికి చేరి అమ్మని చూస్తున్నట్టుంటుంది. "తెరవకపోతే నేను లోపల చూడలేను, తెరిస్తే పాడుచేసిన కాగితం అవుతుందేమో నాకు తెలీదు, మా పెద్దాయన భోజనానికెళ్ళారు, వచ్చి ఆయనే తేలుస్తారు, కూర్చోండి మేడమ్" అంది. కూర్చున్నాను.

కూర్చున్నానో లేదో ఫోను. మా సారు. ఈ దేశంలో మా కంపెనీ డయాలిసిస్ మిషన్లు అమ్మింది, అవి చిన్న చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో ఉన్నాయి, బస్సు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి ఉంటే గొప్ప, వాటిని బాగుచేయడానికి ఆరు నెలలు నన్ను పంపారు, ఒంటరిగా బండి నడుపుకుంటూ తిరగాల్సిన ఉద్యోగం. ఆడపిల్లని ఎందుకులెండి అని మీటింగులో ఎవరో అంటే, మిషను విప్పడం వచ్చినదాన్ని పంపుతారా, మీసం వచ్చినవాణ్ణి పంపుతారా సార్ అని లేచి అడిగి తెచ్చుకున్న పని. ఈ సాయంత్రానికి మొదటి ఆసుపత్రిలో ఉండాలి. విషయం చెబితే సారు తిట్టలేదు, తిడితే బాగుండేది, జాలిపడ్డారు. "పోనీలేమ్మా, టెన్షన్ పడకు. ఆయన కుదరదంటే మనవాణ్ణి బండేసుకుని రమ్మంటాను. ఆరు నెలలూ వాడే నడుపుతాడు, నువ్వు హాయిగా పక్కన కూర్చో." పక్కన కూర్చో. ఎంత మెత్తగా అన్నారో. పెద్దాయన వచ్చేదాకా ఆగండి సార్ అని మాత్రం అన్నాను.

మనవాడంటే మాతో పనిచేసేవాడు, నెల ముందే వచ్చి పక్క ఊళ్ళో దిగాడు, అన్నిటికీ తొందరే కనక వాడి పేరే తొందర. సారు వాడికి అప్పుడే చెప్పినట్టున్నారు, సారు ఫోను పెట్టిన రెండు నిమిషాలకే వాడిది మోగింది. "అమ్మా తల్లీ, ఆ అట్టముక్క కోసం ఏడుస్తూ కూర్చున్నావా? ఆన్‌లైన్‌లో కొట్టు, ఇంటర్నేషనల్ లైసెన్సు అని బంగారంలాంటి కార్డు గంటలో పంపిస్తారు. నేనదే తీసుకున్నా." ఎవరిస్తారు అన్నాను. "ఎవరో ఇస్తారులే, దేశాల పేర్లన్నీ ఉంటాయి దానిమీద, నన్నింతవరకూ ఎవరూ అడగలేదు." అడగనంతవరకూ అందరూ హరిశ్చంద్రులేరా అన్నాను. "నీతో మాట్లాడ్డం నాదే బుద్ధితక్కువ, పక్కసీటు తుడిచిపెడతాలే" అని పెట్టేశాడు. తుడవనీ. తుడుచుకుని సంచీ పెట్టుకోనీ.

నేను చదివాను కదా, చదవకుండా ఏ పనీ చేసినదాన్ని కాదు, మా ఇంట్లో చదివి చెప్పేవాళ్ళు నాకు ముందు ఎవరూ లేరు, అన్నీ నేనే చదివి నాకే చెప్పుకోవాలి. పర్మిట్ అంటే లైసెన్సు కాదు. అది లైసెన్సుకి దుబాసీ, అంతే. మన లైసెన్సు మన లిపిలో మన మాట చెబుతుంది, పరాయి ఊళ్ళో పోలీసుకి అది చీమలబారులా కనిపిస్తుంది, అప్పుడు దుబాసీ పక్కన నిలబడి, అయ్యా ఈవిడ వాళ్ళ దేశంలో పరీక్ష ఇచ్చింది, కారు నడపగలదు, అని ఆయన భాషలో చెబుతాడు. అసలు మనిషి లేకుండా దుబాసీ ఒక్కడే వెళితే ఎవరి మాట చెప్పాలి? దుబాసీ లేకుండా అసలు మనిషి వెళితే ఎవరికర్థం కావాలి? అందుకే రెండూ కలిసే తిరగాలి, ఒకటి ఇంట్లో పెట్టి ఒకటి తెస్తే రెండూ లేనట్టే. దాన్ని ఇవ్వాల్సింది లైసెన్సిచ్చిన దేశమే, బయల్దేరకముందే తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో బంగారంలాంటి కార్డమ్మేవాడు నన్ను ఏ మైదానంలో నడిపించి చూశాడని? రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్సువాడు మొట్టమొదట అడిగేది ఇదే, అప్పుడు తొందర ఏం చూపిస్తాడు, దేశాల పేర్లు చూపిస్తాడా. ఇదంతా నాకు తెలుసు. అమ్మకి కూడా చెప్పాను, దుబాసీ అనే చెప్పాను, ఇది లేకపోతే అక్కడ నా మాటకి విలువుండదమ్మా అని నేనే అన్నాను, గొప్పకోసం అన్నాను. ఆ మాట విని తెల్లారేసరికి అమ్మ దుబాసీ నోటికి ప్లాస్టిక్ కట్టించుకొచ్చింది.

"రెండువైపులా వేయించాను, ఒకవైపు వేస్తానన్నాడు, నేనొప్పుకోలేదు" అని ఆ పొద్దున అంటే దేనికో అనుకున్నాను, పళ్ళు తోముకుంటున్నాను, వినలేదు. అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది, గేటు ఎదుట ఫోటోకాపీ కొట్టు, అక్కడి లామినేషన్ మిషనుకి మా ఇంటి కాగితాలన్నీ పరిచయమే. నా టెంత్ మార్కుల మెమో మాత్రం కాదు, దాంతోనే మొదలయింది. ఆ ఏడు వానకి రేకులు కారి ట్రంకుపెట్టెలోకి నీళ్ళు దిగాయి, మూత తీసేసరికి నా లెక్కల మార్కులు సైన్సు మార్కుల్లో కలిసిపోయి నీలంగా పారుతున్నాయి. కొత్త కాపీ కోసం అమ్మా నేనూ స్కూలు ఆఫీసుకి వెళ్ళాం, గుమస్తా ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, ఏమ్మా, మీ అమ్మాయి మార్కులు కూడా ఉతికావా అన్నాడు, గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, అదే నేను మరిచిపోలేను, పెద్దవాళ్ళు నవ్వుతున్నారు కదా నవ్వాలేమోనని నవ్వింది. బయటికొచ్చాక మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని, నీ కాగితం ఇంకోటి తడిస్తే నా పేరు మార్చుకుంటాను అంది. మార్చుకోలేదు. ఇంటరు మెమో, డిగ్రీ పట్టా, నా రక్తం గ్రూపు కార్డు, చివరికి గడువైపోయిన బస్సు పాసు కూడా, అన్నీ మెరుస్తుంటాయి, గోడకి కొడితే టకటకమంటాయి. చదువుకున్నవాళ్ళకి పుస్తకమంటే తెరిచేది. అమ్మకి తెలిసిన పుస్తకాలేవీ ఆమెకోసం తెరుచుకోలేదు, తడిశాయి అంతే, మరి ఆమె దేన్ని కాపాడుతుంది? కళ్ళజోడమ్మాయి ఇంకా మధ్యమధ్యలో దానివంక చూసి పెదవి బిగపడుతోంది. నవ్వుకో తల్లీ. మీ అమ్మ నీకు గొడుగిచ్చి ఉంటుంది, మా అమ్మ వానతోనే పోట్లాడింది.

పక్కన కూర్చో. ఆ మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది, పొమ్మన్నా పోవడంలేదు. మా ఇంట్లో పక్కన కూర్చోవడం కొత్తా ఏమన్నా. మా నాన్న లారీ క్లీనరు. పదహారేళ్ళకి ఎక్కాడు, తల నెరిసినా క్లీనరే, వీధిలో ఆయన పేరు ఎవరికీ తెలీదు, క్లీనరిల్లు ఎక్కడంటే చూపిస్తారు, నన్ను స్కూల్లో క్లీనరు కూతురనే అనేవాళ్ళు, బెంచీ తుడవ్వే అనేవాళ్ళు, తుడిచేదాన్ని కాదు, నిలబడే పాఠం వినేదాన్ని. మా దేశంలో స్టీరింగు కుడివైపు, క్లీనరు ఎడమవైపు. మా నాన్న తన జీవితమంతా ఎడమవైపు కిటికీలోంచి చూశాడు, రోడ్డు మధ్యగీత ఆయనకెప్పుడూ దూరమే, దగ్గరున్నదల్లా అంచు, కాలువలు, మైలురాళ్ళు. డ్రైవరు నిద్రపోకుండా కబుర్లు చెప్పాలి, టీ తేవాలి, అద్దం తుడవాలి, బండి వెనక్కి తీసేటప్పుడు దూకి వెనక నిలబడి అరచేత్తో రేకుమీద చరచాలి, రెండు చరుపులు కొడితే పోనీ అని, ఒక్కటి కొడితే ఆపమని. నాకు నడక నేర్పేటప్పుడు కూడా అలాగే నేర్పాడట, నేను తూలితే నేలమీద ఒక్కటి, సర్దుకుంటే రెండు. లైసెన్సు ఎందుకు తీసుకోలేదు నాన్నా అని అడిగాను ఒకసారి. ఫారం మీద అక్షరాలుంటాయి కదే అన్నాడు. నీ చేతులు చక్రానికి తగవురా, గుడ్డకే తగుతాయి అని వాళ్ళ డ్రైవరు అనేవాడట, ఆయన దాన్ని హాస్యంలాగే చెప్పేవాడు. నాకు హాస్యంగా వినపడేది కాదు. మొదటి జీతం రాగానే డ్రైవింగ్ స్కూల్లో చేరాను, అక్కడి మాస్టారు, క్లచ్చి మీద అంత పగేంటమ్మా అనేవాడు. క్లచ్చి మీద కాదండీ. లైసెన్సు తెచ్చి చేతిలో పెడితే నాన్న ఫోటో చూశాడు, నన్ను చూశాడు, ఫోటోలో నవ్వొచ్చుగా అన్నాడు. అమ్మ దాన్ని కూడా లాక్కుంది, అది ఎలాగూ ప్లాస్టిక్ కార్డే, కొట్టువాడు చెయ్యనన్నాడని బెంగపడింది.

ఆరు నెలలు పక్కన కూర్చుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. జీతం వస్తుంది, మిషన్లు బాగవుతాయి, తొందర పాటలు పెడతాడు, నేను అద్దంలోంచి కాలువలు చూస్తాను. తరవాత ఇంకెక్కడికి పంపాలన్నా, ఆవిడకి డ్రైవింగు ఇబ్బందైందిగా పోయినసారి అంటారు. అంతే. అంతకుమించి ఏమీ కాదు. లేచాను. ఒకసారి చూడొచ్చా అని కళ్ళజోడమ్మాయిని అడిగి పలక చేతిలోకి తీసుకున్నాను, మొదటిసారి దాన్ని కూతురిలా కాకుండా మిషను బాగుచేసేదానిలా చూశాను. రోజూ నేను చేసేది ఇదేగా, సీలు వేసి వచ్చినవాటిని, లోపలున్నది చెడకుండా విప్పడం. పక్కకి తిప్పి వెలుగుకి పట్టాను. కాగితాలు కదులుతున్నాయి. కదులుతున్నాయి, లోపల, కొంచెం, డబ్బాలో అగ్గిపుల్లల్లా. అలాగే ఉండాలి కదా, ఇంతసేపూ నా బుర్ర ఎక్కడ పెట్టాను, వేడికి జిగురు అంటుకునేది ప్లాస్టిక్ తగిలిన చోటే, తగిలింది పై అట్టకీ కింద అట్టకీ, లోపలి కాగితాలు ఒకదాన్నొకటి తప్ప దేన్నీ తాకలేదు, చుట్టూ అంచున మాత్రం ప్లాస్టిక్ ప్లాస్టిక్‌తో అతుక్కుంది. ఆ అంచు వేలెడు వెడల్పుంది. కొట్టువాడు బిగించి కోసేవాడే, అమ్మే ఉండి ఉంటుంది, అంచు ఎక్కువ వదులు, నీళ్ళు పోకుండా అని దగ్గరుండి వదిలించి ఉంటుంది. బతికించావే అమ్మా. కత్తెర పట్టడానికి సరిగ్గా నాకు కావలసినంత చోటు వదిలావు.

పెద్దాయన వచ్చాడు, పళ్ళు కుట్టుకుంటూ, చొక్కా మీద ఏదో ఒలికిన మరక తుడుచుకుంటూ. కళ్ళజోడమ్మాయి మొదలుపెట్టేలోపే నేను ముందు నా లైసెన్సు పెట్టాను, అసలు మనిషి ముందు, దుబాసీ తరవాత, ఆ పక్కన పాస్‌పోర్టు. ఆయన పలకని చూసి కనుబొమలెత్తాడు. "ఇలా ఇస్తే నేనేం చెయ్యనమ్మా?" అన్నాడు. కత్తెర ఇవ్వండి, మీ ఎదురుగానే నేను తెరుస్తాను, కాగితాన్ని తాకను, ఈ అంచునే కోస్తాను, చూడండి, అని వెలుగుకి పట్టి చూపించాను. ఆయన వంగి చూశాడు, అటునుంచి కళ్ళజోడమ్మాయి కూడా వంగింది. "చిరిగితే?" చిరిగితే మీ కారు నాకొద్దు, నడిచి వెళ్ళిపోతాను. "ఆ ఊరికా? నడిచా?" అని ఆయన నవ్వాడు, ఈసారి నేనూ కొంచెం నవ్వాను, ఇది నామీద నవ్వు కదా, పర్లేదు. "పొరపాటయిందని ఒక మాట రాసిస్తే మా ఆఫీసుకి చూపించుకుంటాను" అన్నాడు. పొరపాటు ఎవరిది అని రాయాలండీ అన్నాను. "ఎవరు చేశారో వాళ్ళది." వాళ్ళు పొరపాటు చెయ్యలేదు, దాచారు, మీరు కావాలంటే దాచారు అని రాస్తాను అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదయినట్టుంది, కుర్చీల దగ్గర ఎవరో తలెత్తారు. ఎత్తనీ. ఆ గుమస్తా గదిలో నేను అనాల్సినది ఇన్నేళ్ళకి ఇంకో దేశంలో ఇంకో ఆయన ఎదుట అంటున్నాను, పాపం ఆయనకేం తెలుసు. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి సొరుగులోంచి కత్తెర తీసి, పిడి నావైపు తిప్పి ఇచ్చాడు.

వెన్నువైపు ముట్టుకోలేదు. పైన కోశాను, కింద కోశాను, తెరుచుకునే వైపు ఆఖరున. చేతులు వణకలేదు, మనిషి రక్తం పారే గొట్టాల దగ్గర వణకని చేతులు ఇక్కడెందుకు వణుకుతాయి. ఆఖరి ముక్క ఊడగానే పుస్తకం ఊపిరి తీసుకున్నట్టు కొంచెం పైకి లేచింది. ఒక్క కాగితం కూడా నలగలేదు. ఆయన పేజీలు తిప్పాడు, పరాయి భాష, ఇంకో పరాయి భాష, ఆ తరవాత తన భాష, అక్కడ ఆగాడు, చదివాడు, ఆఖరి పేజీకి వెళ్ళి ఫోటో చూశాడు, కారు గడిలో ముద్ర చూశాడు, తేదీ చూశాడు, నా లైసెన్సు మీది అంకెలూ పర్మిట్ మీది అంకెలూ వేలితో ఒక్కొక్కటే పోల్చుకున్నాడు. "ఏడాది చెల్లుతుంది. ఇక్కడే స్థిరపడితే మాత్రం మా పరీక్ష మీరు రాయాల్సిందే" అన్నాడు. ఆరు నెలలకే వచ్చానండీ, అయినా పెట్టండి, రాస్తాను అన్నాను. కోసిన అంచుముక్కలు కళ్ళజోడమ్మాయి చెత్తబుట్టలో వెయ్యబోతే ఇటివ్వండి అని తీసుకుని సంచిలో వేసుకున్నాను. ఎందుకో నాకే తెలీదు. ఆ పిల్ల నీలం బిళ్ళ తాళం తీసి చేతిలో పెడుతూ, "మీ అమ్మగారికి చెప్పండి, అట్ట మాత్రం ఎప్పటికీ చెడదు" అంది. నవ్వుతూనే అంది, వేరే నవ్వు. సారుకి మెసేజు పెట్టాను, బయల్దేరుతున్నాను, తొందరని రావద్దనండి.

బయట ఎండ కళ్ళలో పడింది. అలవాటుకొద్దీ కుడివైపు తలుపు తీసి కూర్చున్నాను, కూర్చుంటే ఎదుట ఏమీ లేదు, చక్రం లేదు, చేతులు గాల్లో ఉన్నాయి, కౌంటరు అద్దంలోంచి ఆ ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. దిగి బండి ముందునుంచి చుట్టూ తిరిగి అటు వెళ్ళి ఎక్కాను. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు. చదివాను, బొమ్మల్లో చూశాను, కుర్చీ మీద కూర్చుని ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో గేరు వేస్తూ సాధన కూడా చేశాను, కానీ కూర్చున్నాక గానీ తెలియలేదు ఇది ఎవరి చోటో. కిటికీ ఎడమచేతికి. మోచెయ్యి ఆనించే అంచు ఎడమచేతికి. బెల్టు పెట్టుకున్నాను, తాళం తిప్పాను, అద్దాలు సర్దుకున్నాను, కదలకముందే ఇంటికి ఒక ఫోను చేసి తరవాత దాని నోరు మూయించి సంచిలో పడెయ్యాలనుకున్నాను. అమ్మ ఎత్తింది. ఇండికేటరు ఏదో చూద్దామని మీట నొక్కితే వైపర్లు లేచి పొడి అద్దం మీద కీచుమంటూ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాయి, ఎలా ఆపాలో వెంటనే తెలియలేదు.

"ఏమిటే ఆ చప్పుడు? వానా అక్కడ?"

"లేదమ్మా. ఎండ."

"మరి కాగితం చూశారా? ఏమన్నారు?"

"చూశారు. లోపలంతా చూశారు. అట్ట ఎప్పటికీ చెడదన్నారు."

"నేను చెప్పలా? వాడు ఒకవైపు చాలంటాడు. ఇదిగో, మీ నాన్న లాక్కుంటున్నాడు, ఉండు."

నాన్నకి ఫోనులో మాట్లాడటం రాదు, అవతలి డ్రైవరుకి వినపడాలన్నట్టు అరుస్తాడు. "ఎక్కావా? ఏ వైపు కూర్చున్నావ్?"

"నీ వైపే నాన్నా. ఎడమవైపు."

వైపర్ల చప్పుడే. "అదేంటి," అన్నాడు, గొంతు తగ్గింది, "పక్కనా? మరి స్టీరింగు?"

"అదీ నీ వైపే ఉంది నాన్నా. ఇక్కడ అదీ నీ వైపే."

అమ్మ వెనకనించి ఏమంటోంది, ఏమంటోంది అని అడుగుతోంది. వైపర్లు ఆడుతూనే ఉన్నాయి, ఆడనీ, ఎండలో ఆడితే తప్పేమిటి. క్లచ్చి తొక్కి గేరు మీద కుడిచెయ్యి వేశాను. అప్పుడు ఫోనులో, బల్లమీదో గోడమీదో, అరచెయ్యి వెడల్పుగా ఆనించి, రెండు చరుపులు.